మగ్గం గుంటలో పెద్దయ్య

నాకు వేదాంతం అంటే ఏమిటో మొదట చెప్పిన మనిషి చీరలు నేసేవారు. ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు ఎక్కడైనా కనపడటం ఆయనకు నచ్చేది కాదు. మా వీధి వీధంతా పెద్దయ్య అని పిలిచేది, నేనూ అలాగే రాస్తాను.

1980ల నాటి మా వెంకటగిరిలో తెల్లారకముందే మగ్గాల చప్పుడు మొదలయ్యేది. పాలకి వెళ్తూ పెద్దయ్య ఇల్లు దాటేటప్పుడు ఆ చప్పుడు మధ్యలో శ్లోకం కూడా వినపడేది. గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చునేవారు. పక్కన పీట మీద గీత. దాని అట్టకి పాత చీర ముక్కతో కుట్టిన తొడుగు. పోగు తెగితే ఆగి, రెండు కొసలూ వేళ్ల మధ్య నలిపి అతికించి, పంచెకు చెయ్యి తుడుచుకుని, పుస్తకంలోకి ఒకసారి తొంగి చూసి, ఆ పాదం పెదాల మీద ఆడిస్తూ మళ్లీ నాడె అందుకునేవారు. చీర దిగేలోపు ఒక అధ్యాయం నోటికొచ్చేస్తుందని పెద్దమ్మ గర్వంగా చెప్పుకునేది.

నేతపని చేసే ఇంటికి ఉపనిషత్తు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఏర్పేడు నుంచి. గూడూరు నుంచి రేణిగుంట వెళ్లే రైలు మార్గంలోనే, శ్రీకాళహస్తి దాటాక వచ్చే చిన్న స్టేషన్ అది. మలయాళ స్వామివారు 1926లో అక్కడ వ్యాసాశ్రమం పెట్టారు. కేరళలో గురువాయూరు ప్రాంతంలో పుట్టి, అక్కడి సంఘ సంస్కర్త నారాయణ గురువు పరంపరలో చదువుకుని, దేశం తిరిగి, తిరుమల కొండ మీద గోగర్భం దగ్గర ఏళ్ల తరబడి తపస్సు చేసి, ఆ తర్వాత ఏర్పేడులో స్థిరపడ్డారు. బ్రహ్మవిద్య అందరిదీ అన్నారు. ఆడవాళ్లకూ, అన్ని కులాలవాళ్లకూ ఓంకారం మొదలుకొని ఉపనిషత్తుల దాకా తలుపులు తెరిచారు. ఆ కాలంలో దానికి ఎంత ఎదురు నిలబడాల్సి వచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు.

పెద్దయ్య కుర్రవాడుగా ఉన్నప్పుడు కొన్నేళ్లు అక్కడ చదువుకున్నారు. 1962లో స్వామివారు సిద్ధి పొందారు. తర్వాత పెద్దయ్య మళ్లీ మగ్గం దగ్గరికే వచ్చేశారు. కాషాయం ఎందుకు కట్టలేదని ఎవరో అడిగితే, "ఇంట్లో అమ్మ ఉండాది, మగ్గం ఉండాది. వాటిని గాలికొదిలేసి నేను చదివే వేదాంతం ఎవరికి కావాల?" అన్నారట.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వీధి చివర భజన మందిరంలో పాఠం. వచ్చేవాళ్లలో నేతపనివాళ్లు, రంగులద్దేవాళ్లు, ఒక పోస్ట్‌మ్యాన్, బడి పంతులుగారి భార్య, మా అవ్వ, పరీక్షలు లేని రోజుల్లో మాలాంటి పిల్లలు. పాఠం మొదలుపెట్టే ముందు పెద్దయ్య, "నిన్న చెప్పిందాంట్లో ఎవరికి ఏది ఎక్కలేదో చెప్పండి" అనేవారు. ఎవరూ నోరు విప్పకపోతే కొత్త శ్లోకం లేదు, నిన్నటిదే మళ్లీ. అందుకని ముందు రోజు రాత్రే ఏదో ఒక అనుమానం వెతుక్కుని వెళ్లాల్సి వచ్చేది. అలా వెతుక్కోవడంలోనే సగం పాఠం వచ్చేదని నాకు చాలాకాలానికి గానీ తెలియలేదు.

గీత నాలుగో అధ్యాయంలో 34వ శ్లోకం ఆయనకు ప్రాణం. తత్త్వం తెలిసినవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి ప్రణిపాతం, పరిప్రశ్న, సేవ అని మూడు చెప్పాడు కృష్ణుడు. "మొక్కడం అందరికీ వచ్చు, కాళ్లు పిసకడం అందరికీ వచ్చు. మధ్యలోది మింగేస్తారు" అనేవారు పెద్దయ్య. "పరిప్రశ్న అంటే ఒక ప్రశ్న అడిగి ఊరుకోవడం కాదు. చుట్టూ తిరిగి, అటూ ఇటూ తిప్పి, తేలేదాకా అడగాల. అడిగించుకునే ఓపిక లేనోడు గురువు గద్దె మీద కూర్చోకూడదు." పదిహేడు అధ్యాయాలు దాటి ఇంత బోధించిన తర్వాత కూడా కృష్ణుడు అర్జునుడితో, నేను చెప్పిందంతా బాగా విమర్శించి చూసుకుని నీ ఇష్టం వచ్చినట్టు చెయ్ అన్నాడనీ, అది పద్ధెనిమిదో అధ్యాయం 63వ శ్లోకంలో ఉందనీ మా చేత పదే పదే చదివించారు. "దేవుడే నీ ఇష్టం అన్నాడు. మనిషి కట్టేస్తానంటే ఎట్టా?"

ఒకసారి ఆ పోస్ట్‌మ్యాన్ మాండూక్యోపనిషత్తులో తురీయం గురించి, అంటే మెలకువ, కల, గాఢనిద్ర దాటిన నాలుగో స్థితి గురించి, ఏదో అడిగాడు. పెద్దయ్య కాసేపు ఆలోచించి, "ఇది నాకు తెలీదు నాయనా" అన్నారు. ప్రశ్నని ఒక చీటీ మీద రాసుకుని గీత పుస్తకం తొడుగులో దాచారు. ఆషాఢ పౌర్ణమికి, అదే వ్యాసపూర్ణిమకి, ఏటా మమ్మల్ని ప్యాసింజర్ రైల్లో ఏర్పేడు తీసుకెళ్లేవారు. ఆ ఏడాది అక్కడ పెద్ద స్వాముల దగ్గర చేతులు కట్టుకుని నిలబడి ఆ చీటీ తీసి చదివి, చెప్పింది విని, తిరుగు రైల్లో పోస్ట్‌మ్యాన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వివరించారు. తెలియనిది తెలియదనడానికి ఆయనకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. తన దగ్గర లేనిది ఇంకెక్కడుందో చూపించడానికీ వెనకాడేవారు కాదు. తర్వాతి జీవితంలో నేను చాలామంది వక్తల్ని విన్నాను. ఈ రెండూ ఒకే మనిషిలో కనపడటం ఎంత అరుదో అప్పుడు అర్థమైంది.

ఆ రోజుల్లో మా ఊరికి ఏదో ఒక స్వామి వస్తూనే ఉండేవారు. మా అవ్వకి అందరి దగ్గరికీ వెళ్లాలనే ఉండేది. ఒకరోజు పెద్దయ్య ఇంటి అరుగు మీద కూర్చుని, "ఏమయ్యా, వీళ్లలో ఎవురు మంచోళ్లో తెలిసేదెట్టా?" అని అడిగింది. పెద్దయ్య లోపలికెళ్లి, మగ్గం మీద నుంచి అప్పుడే దించిన జాందానీ చీర తెచ్చి ఆమె ఒళ్లో పరిచారు. కొంగు తిరగేసి చూపించారు. బుటా చేత్తో, పోగు పోగు పెట్టి నేసింది. వెనకవైపు కూడా ఒక్క దారం వేలాడటం లేదు.

"ముందు నుంచి చూస్తే అన్ని చీరలూ మెరుస్తాయి అక్కా. కొనేవాళ్లు తిరగేసి చూస్తారు. స్వామిని కూడా అట్టనే చూడాల. వేదిక దిగినాక చూడు. వంట చేసేవాడితో ఎట్టా మాట్లాడతాడో చూడు. కారు తోలిన పిలగాడు అన్నం తిన్నాడా అని అడుగుతాడేమో చూడు. తనకి ఏమీ ఇయ్యలేనోళ్ల దగ్గర ఎట్టా ఉంటాడో అదే ఆయన అసలు రంగు."

అవ్వకి ఆ మాట బాగా పట్టింది. ఆ తర్వాత ఏ ఆశ్రమానికి వెళ్లొచ్చినా ముందు వంటశాల సంగతులు చెప్పేది.

గురువుని పరీక్షించడం పాపం అనే భయం మా వీధిలో గట్టిగా ఉండేది. దాన్ని పోగొట్టడానికి పెద్దయ్య రామకృష్ణ పరమహంస కథలు చెప్పేవారు. పరమహంసకి డబ్బు తగిలితే ఒళ్లు మండుతుందంటే శిష్యుడు నరేంద్రుడు, అదే తర్వాతి వివేకానందుడు, నమ్మలేదు. ఆయన లేనప్పుడు పరుపు కింద ఒక నాణెం పెట్టాడు. పరమహంస వచ్చి కూర్చోగానే నొప్పితో అదిరిపడి లేచారు. ఎవరు చేశారో తెలిశాక కోప్పడలేదు సరికదా, షరాబు నాణేన్ని చూసినట్టు నన్ను పరీక్షించుకో అని అంతకుముందే చెప్పి ఉన్నారు. యోగీన్ అనే ఇంకో శిష్యుడికి ఒక రాత్రి అనుమానం వచ్చింది. గురువు గదిలో లేరు, భార్య ఉండే నహబతుఖానా వైపు వెళ్లారేమో అని బయట నిలబడి కాపు కాశాడు. పరమహంస తను ధ్యానం చేసుకునే పంచవటి చెట్ల వైపు నుంచి వచ్చి అతన్ని చూశారు, సంగతి అర్థమైంది. సాధువుని పగలు చూడాలి, రాత్రి చూడాలి, అప్పుడు నమ్మాలి అని అతన్నే మెచ్చుకున్నారు. పెద్దయ్య ఈ కథ చెప్పేటప్పుడు ఆ చివరి మాట దగ్గర ఆగి, అందరి ముఖాలూ చూసి, మళ్లీ చెప్పేవారు.

ముండకోపనిషత్తు గురువుకి పెట్టిన లక్షణాలు రెండే: శ్రోత్రియం, బ్రహ్మనిష్ఠం. శాస్త్రం చదివినవాడై ఉండాలి, చదివినదాంట్లో నిలబడ్డవాడై ఉండాలి. మొదటిది ఉందో లేదో నాలుగు ప్రశ్నలు అడిగితే తేలిపోతుంది, రెండోది మాత్రం కాలం మీద గానీ తేలదు, అందుకే తొందరపడొద్దు అనేవారు ఆయన. నిష్ఠ ఉండి శాస్త్రం లేనివాళ్లు ఉంటారు, వాళ్లకి దణ్ణం పెట్టుకోవచ్చు గానీ వాళ్లు మనకి దారి చెప్పలేరు. శాస్త్రం ఉండి నిష్ఠ లేనివాళ్ల దగ్గర వ్యాకరణం నేర్చుకోవచ్చు. ఇంత స్పష్టంగా ఎవరి దగ్గర ఏది దొరుకుతుందో చెప్పిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

నేను ఇంటర్ చదివేటప్పుడు ఒక స్వామి వచ్చి కల్యాణ మండపంలో దిగారు. దర్శనానికి ఒక రేటు, దగ్గర కూర్చుని మాట్లాడటానికి ఇంకో రేటు, పాదపూజకి మరో రేటు. మా పక్కింటావిడకి భర్త పోయి ఏడాది కూడా కాలేదు. ఇంటికి దోషం ఉందనీ, హోమం చేయించకపోతే కొడుక్కి గండమనీ ఆమెకు చెప్పారు. చెవుల కమ్మలు తాకట్టు పెట్టి డబ్బు కట్టేసింది. పెద్దయ్యకి తెలిసి ఆమె దగ్గరికి వచ్చారు. ఎందుకు చేశావని అడగలేదు. "కమ్మలు ఎక్కడ పెట్టావు తల్లీ?" అని మాత్రం అడిగారు.

మర్నాడు ఉతికిన పంచె కట్టుకుని, ఉత్తరీయం వేసుకుని, ఆమెను తీసుకుని మండపానికి బయల్దేరారు. నేనూ వెంట వెళ్లాను. స్వామికి సాష్టాంగం చేశారు. లేచి చేతులు కట్టుకుని, "స్వామీ, ఈ హోమం ఏ గ్రంథంలో ఉందో సెలవిస్తే నేనూ చదువుకుంటాను. గండం ఉందని ఎట్టా తెలిసిందో ఈ బిడ్డకి కాస్త విడమరిచి చెప్పండి" అన్నారు. గొంతులో వెటకారం లేదు, ఎత్తిపొడుపు లేదు. భజన మందిరంలో మేము ఆయన్ని అడిగినట్టే అడిగారు. స్వామి మాట్లాడలేదు, కళ్లు మూసుకున్నారు. చుట్టూ ఉన్న శిష్యులు లేచారు. గురువునే నిలదీస్తావా, ఏడు జన్మల పాపం అన్నారు. ఒకతను పెద్దయ్య భుజం పట్టుకుని బయటికి నెట్టాడు.

రోడ్డు మీదికొచ్చాక పెద్దయ్య ఉత్తరీయం సర్దుకుని ఆమెతో అన్న మాట నాకు బాగా గుర్తుంది. "అడిగినందుకు అరిచినారంటే చెప్పడానికి వాళ్ల దగ్గర ఏమీ లేదు తల్లీ. నీ బిడ్డకేమీ కాదు, పద." ఆ నెల కూలి మీద అడ్వాన్స్ తీసుకుని, ఇంకో ఇద్దరు నేతపనివాళ్లతో కలిసి కమ్మలు విడిపించారు. సాయంత్రం బోర్డు మీద గురుగీత శ్లోకం ఒకటి రాశారు: గురవో బహవః సంతి శిష్యవిత్తాపహారకాః. శిష్యుల డబ్బు పట్టుకుపోయే గురువులు చాలామంది ఉన్నారు, శిష్యుడి మనసులో తాపం తీసేసే గురువు దొరకడమే కష్టం అని దాని భావం. గురువుని ఆకాశానికెత్తే గ్రంథంలోనే ఈ హెచ్చరిక కూడా ఉంది చూడండి అన్నారు. వెనక వరసలో కుర్రాళ్లు పక్కింటావిడ గురించి గుసగుసలాడుతుంటే మాత్రం ఆయనకు కోపం వచ్చింది. "మొగుడు పోయి భయంలో ఉండే మనిషి. మీకా భయం వస్తే మీరేం చేస్తారో మీకు తెలుసా?" అని గద్దించారు. అందరం తల దించుకున్నాం. ఆ కోపం ఎవరి మీద రావాలో వాళ్ల మీదే వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంతవరకూ చదివి పెద్దయ్యలో లోపమే లేదేమో అనుకుంటారని ఇది కూడా రాస్తున్నాను. ఆయన సొంత తమ్ముడు పక్క ఇంట్లోనే ఉండేవాడు. రెండిళ్ల మధ్య గోడ విషయంలో పాత తగాదా. ఏళ్లుగా మాటల్లేవు. ఎదురుపడితే పెద్దయ్య తల తిప్పుకుని పోయేవారు. మా వీధిలో ఇది అందరికీ తెలుసు, ఎవరూ ఎత్తేవారు కాదు.

గీత రెండో అధ్యాయంలో సమత్వం యోగ ఉచ్యతే దగ్గరికి వచ్చాం ఒకరోజు. మిత్రుడూ శత్రువూ, లాభమూ నష్టమూ అని ఆయన చెప్పుకుపోతున్నారు. మర్నాడు అనుమానాలు అడగమన్నప్పుడు నేను లేచి, "పెద్దయ్యా, మరి మీరు మీ తమ్ముడితో మాట్లాడరు కదా?" అన్నాను. వెటకారంగా కాదు, నిజంగానే అర్థం కాక. వెనక మా నాయన గట్టిగా దగ్గాడు. బడి పంతులుగారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్దయ్య చాలాసేపు మాట్లాడలేదు. పుస్తకం మూశారు. తొడుగు మీద వేలితో అటూ ఇటూ రాశారు. "నిజమే అబ్బయ్యా. ఆ శ్లోకం చెప్తా ఉండా గానీ నాకింకా రాలేదు. రేపు గీత పక్కన పెట్టి వేరేది చదువుదాం" అని లేచిపోయారు.

మర్నాడు తెచ్చింది తైత్తిరీయోపనిషత్తు. శీక్షావల్లిలో పదకొండో అనువాకం. చదువు పూర్తయిన శిష్యుణ్ణి ఇంటికి పంపిస్తూ గురువు చెప్పే మాటలు. సత్యం వద, ధర్మం చర, మాతృదేవో భవ, ఆచార్యదేవో భవ అన్నీ అందులోవే. "ఇవన్నీ బడి గోడల మీద రాసి పెడతారు. దీని వెనకే ఉండే మాట ఎవురూ రాయరు" అంటూ చదివారు: యాన్యస్మాకం సుచరితాని, తాని త్వయోపాస్యాని, నో ఇతరాణి. మా నడవడిలో మంచివి ఏవైతే ఉన్నాయో వాటినే నువ్వు పట్టుకో, మిగతావి వద్దు. గురువే శిష్యుడితో అంటున్నాడు. నన్ను గుడ్డిగా అనుకరించకు, ఏరుకో అంటున్నాడు.

"నా తమ్ముడి విషయం ఆ ఇతరాణిలో ఉండాది. అది నా దగ్గర నేర్చుకోవద్దు" అన్నారు. కాసేపు ఆగి ఇంకో మాట అన్నారు. నేను ఈ పోస్టు రాయడానికి కారణం ఆ మాటే. "నా కోపం నా లోపం. దాన్ని లోపమని ఒప్పుకున్నంతకాలం మీకు ప్రమాదం లేదు. రేపు నేను నా కోపానికి కూడా ఒక వేదాంతం చెప్పి, జ్ఞానికి కోపమే ప్రసాదం అన్నాననుకో, ఆ రోజు మీరందరూ లేచి వెళ్లిపోండి."

ఆయన గురువు మలయాళ స్వామివారు శుష్కవేదాంత తమోభాస్కరమనే పుస్తకమే రాశారు. అంతా బ్రహ్మమే, నేను బ్రహ్మాన్ని, నాకు పుణ్యపాపాలు అంటవు అని చెప్పుకుంటూ ఆచరణ గాలికొదిలేసే పొడి వేదాంతం మీద యుద్ధం అది. పెద్దయ్య మాట ఆ పాఠం నుంచే వచ్చిందని తర్వాత తెలిసింది. ఈనాటికీ ఒక గురువు మీద ఆరోపణ వచ్చినప్పుడు నేను చూసేది ఇదే. తప్పు చేశాడా అని ఒకటి. ఆ తప్పుని లీల అనీ, శిష్యులకి పరీక్ష అనీ, మీ అహంకారం కరిగించడానికే అనీ తిప్పి చెబుతున్నాడా అని ఇంకొకటి. లోపం ఉన్న మనిషి దగ్గర కూడా ఎంతో నేర్చుకోవచ్చు. లోపాన్ని ధర్మంగా మార్చేసినవాడి దగ్గర ఒక్క పూట కూడా ఉండకూడదని నా గట్టి నమ్మకం.

ఆ సంక్రాంతికి పెద్దయ్య అరిసెల గిన్నె పట్టుకుని తమ్ముడి గుమ్మం తొక్కారు. తమ్ముడు బయటికి రాలేదు. మరదలు గిన్నె తీసుకుంది. పై ఏడాదీ వెళ్లారు. వాళ్లిద్దరూ మాట్లాడుకోవడం నేను చూడలేదు. అప్పటికి నేను డిగ్రీకి నెల్లూరు వెళ్లిపోయాను.

ఆయన నేర్పే పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. శ్లోకం నోటికొస్తే చాలనుకునేవారు కాదు. క్రోధాద్భవతి సమ్మోహః అన్న శ్లోకం చెప్పినప్పుడు నా చేత ఒక రూళ్ల నోటుపుస్తకం కొనిపించారు. కోపం వచ్చినప్పుడల్లా ఎప్పుడు, ఎవరి మీద, అంతకుముందు ఏం జరిగింది అని రాయమన్నారు. ఒక నెల రాసి పెద్దయ్యకి చూపించబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నాకెందుకు? నీ గుట్లు నా దగ్గర ఉండకూడదు. నువ్వు చూసుకో." ఇంటికొచ్చి చదువుకుంటే, నా కోపమంతా కాలేజీ నుంచి వచ్చి అన్నం ముందు కూర్చునే వేళ, అమ్మ మీదే ఉంది. ఆకలితో ఉన్నప్పుడు అమ్మ ఏ మాట అన్నా విసుక్కుంటున్నాను. ఆ తర్వాత ఇంటికి రాగానే ముందు మజ్జిగ తాగి, ఆ తర్వాతే మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. చెబితే చిన్న విషయమే. కానీ గీతలో ఒక శ్లోకం నా ఇంట్లో, మా అమ్మ ముఖం మీద కనపడటం అదే మొదలు.

శిష్యుల రహస్యాలు గురువు దగ్గర పోగుపడకూడదన్న ఆ మాట విలువ పెద్దయ్యాక ఇంకా తెలిసింది. ఎన్ని చోట్ల మనుషులు బయటికి రాలేకపోవడానికి కారణం తాము చెప్పుకున్న గుట్లే!

మా క్లాసులో ఒకతను మదనపల్లెలో చదువుకుని వచ్చాడు. జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరు. కృష్ణమూర్తిని జగద్గురువు చెయ్యాలని పెట్టిన సంఘాన్ని ఆయనే 1929లో హాలెండ్‌లోని ఓమెన్‌లో అందరి ముందూ రద్దు చేశాడు, గురువే అక్కర్లేదన్నాడు, మరి మనం ఇక్కడ కూర్చుని ఏం చేస్తున్నట్టు అని పెద్దయ్యను నిలదీశాడు. పెద్దయ్యకి కోపం రాలేదు. ఆ ప్రసంగాల తెలుగు అనువాదం తెమ్మన్నారు, చదివారు. ఇన్ని ఆస్తులూ, ఇంతమంది జనమూ చేతికొచ్చినప్పుడు వద్దని లేచిపోయిన మనిషి మాట తేలిగ్గా తీసుకోకూడదన్నారు. "అయినా ఆ తర్వాత యాభై ఏళ్ల పైన ఊరూరా మాట్లాడతానే ఉండాడు గదా. వినేవాళ్లు ఉంటే చెప్పేవాళ్లుంటారు. తల ఊపుతా వినొద్దు అంటా ఉండాడు. అది మనకీ కావాల" అన్నారు. ఆ కుర్రాడు మానెయ్యలేదు, వాదించడమూ మానలేదు. పెద్దయ్యకి అతనంటే ప్రత్యేకమైన ఇష్టం.

నాకు ఉద్యోగం వచ్చాక పెద్దయ్యనీ పెద్దమ్మనీ తిరువణ్ణామలై తీసుకెళ్లాను. అక్కడి రమణ మహర్షి ఆశ్రమంలో, మహర్షి సమాధి మందిరంలో పెద్దయ్య కూర్చున్న సేపు కంటే ఎక్కువసేపు గోశాల వైపు, లక్ష్మి అనే ఆవు సమాధి దగ్గర, వంటశాల గుమ్మం దగ్గర తిరిగారు. తెల్లవారుజామున లేచి భగవాన్ (మహర్షిని భక్తులు అలాగే పిలుస్తారు) కూరగాయలు తరిగింది ఇక్కడే కదా అని అందరినీ అడిగారు. 1896లో పదహారేళ్ల కుర్రాడిగా వచ్చి, 1950లో పోయేదాకా ఆ కొండ దగ్గరే ఉన్న మనిషి. పగలనక రాత్రనక ఎవరైనా వచ్చి చూడగలిగేలా హాల్లోనే కూర్చుని, హాల్లోనే పడుకుని, అందరికీ పెట్టిందే తిన్న మనిషి. 1924లో దొంగలు వచ్చి కొట్టినప్పుడు కూడా భక్తులని తిరగబడనివ్వలేదు. "ఈయన్ని తిరగేసి చూసేదానికి కొంచెం కూడా కష్టపడక్కర్లేదు" అన్నారు పెద్దయ్య.

మన తెలుగువాళ్లు ఇద్దరి గురించి అక్కడ చాలాసేపు మాట్లాడారు. ఒకరు బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన కావ్యకంఠ గణపతి ముని. అప్పటికే మహాపండితుడు, ఎంతో తపస్సు చేసినవాడు. తనకంటే వయసులో చిన్నవాడూ, దాదాపు మాట్లాడనివాడూ అయిన రమణుల దగ్గరికి 1907లో విరూపాక్ష గుహకి వెళ్లి, ఇన్నేళ్లు చేసినా తపస్సంటే ఏమిటో తెలియలేదని అడిగాడు. నేను అనే తలపు ఎక్కడి నుంచి వస్తోందో చూడమని జవాబు వచ్చింది. భగవాన్ శ్రీ రమణ మహర్షి అనే పేరు లోకానికి ఇచ్చింది ఈయనే. అలాగని తన దేవీ ఉపాసన వదిలెయ్యలేదు, తన కవిత్వం వదిలెయ్యలేదు, రమణుల నడకని కాపీ కొట్టలేదు. గురువు దగ్గర ఇంత తీసుకుని కూడా తను తనలాగే ఉండిపోయాడు. ఇంకొకరు సూరి నాగమ్మ గారు. చిన్నప్పుడే భర్తను పోగొట్టుకున్న ఆమె 1945 నుంచి ఆశ్రమంలో తన కళ్ల ముందు జరిగిందంతా తెలుగులో లేఖలుగా అన్నకి రాసింది. ఎవరు వచ్చారు, ఏం అడిగారు, భగవాన్ ఏమన్నారు, కోతిపిల్లతో ఎలా ఉన్నారు. గురువుని చూడటమంటే అలా రోజూ, ఓపిగ్గా, చిన్న చిన్న సంగతుల్లో చూడటం అని పెద్దయ్య అభిప్రాయం. గిరిప్రదక్షిణకి మాత్రం పెద్దమ్మ ఒప్పుకోలేదు, మోకాళ్ల నొప్పులని. 14 కిలోమీటర్లూ ఆటోలో తిరిగి వచ్చాం.

పెద్దయ్య పోయి చాలా ఏళ్లయింది. తన తర్వాత ఎవర్నీ పీఠం మీద కూర్చోబెట్టలేదు, పీఠమే లేదు. భజన మందిరంలో ఇప్పుడు ఆ పంతులుగారి కోడలు గీత చదివిస్తోంది.

ఈ మధ్య మా చెల్లెలి కూతురు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, విపరీతమైన టెన్షన్, నిద్ర పట్టక డాక్టర్ మాత్రలు వాడుతోంది. ఆఫీసులో ఎవరో చెబితే ఒక ధ్యానం క్లాసుకి వెళ్లొచ్చిందట. "చేరమంటావా మామయ్యా?" అని అడిగింది. వాళ్లెవరో నాకు తెలియదు. పెద్దయ్య దగ్గర నేర్చుకున్నదే చెప్పాను. కొన్నాళ్లు ఊరికే వెళ్లి విను, పెద్ద మొత్తాలు ఏవీ కట్టకు. చాలాకాలంగా వస్తున్నవాళ్లు ఇంట్లోవాళ్లతో మెత్తబడ్డారా, ఇంట్లోవాళ్లని చిన్నచూపు చూస్తున్నారా గమనించు. అక్కడ మానేసి వెళ్లిపోయినవాళ్ల గురించి ఎలా మాట్లాడుకుంటున్నారో విను. తలుపులేసి ఒంటరిగా ఇచ్చే ఉపదేశాలు వద్దు. అన్నిటికంటే ముందు, నిజంగా నీకు ముఖ్యమైన ప్రశ్న ఒకటి నలుగురిలో అడిగి చూడు. అన్నీ బాగుంటే మాత్రం నెలకొక చోటికి మారకు, వాళ్లు చెప్పింది కనీసం ఏడాది శ్రద్ధగా చెయ్.

రెండు వారాల తర్వాత మళ్లీ ఫోన్. అక్కడ నేర్పేది ఒక పెద్దావిడట. క్లాసులో అందరి ముందూ ఈ పిల్ల లేచి, ధ్యానం మొదలుపెడితే నిద్రమాత్రలు ఆపెయ్యొచ్చా అని అడిగింది. ఆవిడ కాసేపు ఆలోచించి, "అది నాకు తెలీదమ్మా, మీ డాక్టర్‌ని అడుగు. ఆపమనేదాకా మాత్రం వేసుకో" అందట.

"నాకు తెలీదు అందా? అలాగే అందా?" అని మళ్లీ అడిగాను.

"అవును మామయ్యా, అలాగే అంది."

అయితే చేరమన్నాను.